రేగటిపాడులో కరెంటు పోదు

శాసనసభ క్యాంటీన్‌లో ఆ రోజు గుత్తివంకాయ కూర అద్భుతంగా కుదిరింది. భోజనాల తర్వాత సభ మళ్ళీ కూడేసరికి చర్చించే ఓపిక ఏ పార్టీలోనూ మిగల్లేదు. స్థానిక విద్యుత్ వ్యవస్థల ఆధునికీకరణ చట్టం అలా ఆవలింతల మధ్య నెగ్గింది.

ఆ చట్టానికి ప్రాణం ఒకే ఒక్క వాక్యం. ఆధునికీకరించిన ఏ ఊళ్ళోనూ విద్యుత్ అంతరాయం ఉండరాదని మంత్రిగారి ఉద్దేశం. టైపు చేసేటప్పుడు ‘రా’ అనే అక్షరం ఎక్కడో జారిపోయింది. "విద్యుత్ అంతరాయం ఉండదు" అని అచ్చయింది. ఉండరాదంటే పోకుండా చూసుకోవాలి, దానికి బోలెడు చాకిరీ. ఉండదంటే ఇక లేదన్నమాటే. విద్యుత్ శాఖకు ఈ రెండో అర్థం బాగా నచ్చింది. అనుమానమొచ్చిన గుమాస్తా ఎవరో న్యాయశాఖను అడిగితే, సభ ఆమోదించిన వాక్యంలో తప్పు ఉండే అవకాశం లేదని జవాబొచ్చింది.

ఈ సంగతేదీ రేగటిపాడు అసిస్టెంట్ ఇంజనీరు బొమ్మరాజు నీలాద్రికి తెలియదు. నీలాద్రి మెత్తటి మనిషి. పైవాళ్ళ ఫోనొస్తే కూర్చున్నవాడు కాస్తా లేచి నిలబడి మాట్లాడతాడు. రేగటిపాడుకు వచ్చిన నాటినుంచీ ఆయనకు ఒకటే కోరిక, ఊరికో కొత్త ట్రాన్స్‌ఫార్మరు, కొత్త తీగలు. ఉన్న తీగలు ఆయన పుట్టకముందువి. గట్టిగా గాలి వీస్తే అవి తెగేవి, మెల్లగా వీస్తే తెగుతాయేమోనని నీలాద్రి గుండె కొట్టుకునేది.

అందుకే ఒకరోజు ‘ఆధునికీకరణ’ అని బ్యానరు కట్టుకుని ఆఫీసు ముందు లారీ ఆగితే ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. లారీలోంచి టిఫిన్ క్యారేజీ అంత డబ్బా ఒకటి దించారు.

"మిగతాది ఏదయ్యా?" అని అడిగాడు నీలాద్రి.

"ఇంతే సార్," అన్నాడు లారీతో వచ్చిన మెకానిక్.

ఆ డబ్బాకు నెత్తిన చిన్న సోలార్ పలక, నుదుట ఆకుపచ్చ దీపం ఉన్నాయి. ఊరి మొదట్లో ఉన్న స్తంభానికి దాన్ని బిగించి, ఒక వైరుతో లైనుకు తగిలించారు. డబ్బా తన తిండి తనే ఎండలోంచి సంపాదించుకుంటుందట. దాని దీపం వెలుగుతున్నంతసేపూ రాజధానిలో పెద్ద తెరమీద, జిల్లా ఆఫీసులో చిన్న తెరమీద రేగటిపాడు పచ్చగా కనిపిస్తుందట. ఎమ్మెల్యే వచ్చి డబ్బాకు కొబ్బరికాయ కొట్టారు. ఆ పూటతో ఊరు ఆధునికీకరించబడింది.

వైశాఖంలో ఈదురుగాలి వచ్చింది. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే తీగ తెగి మిరప చేలో పడింది. ఊరంతా కరెంటు పోయింది. నీలాద్రి జిల్లా సూపరింటెండింగ్ ఇంజనీరు పరాంకుశం గారికి ఫోన్ చేసి, లేచి నిలబడ్డాడు.

"సార్, రేగటిపాడులో కరెంటు పోయింది."

"పోలేదు," అన్నారు పరాంకుశం గారు.

"పోయింది సార్. తీగ తెగింది."

"నీలాద్రీ! నా ఎదురుగా తెరమీద మీ ఊరు పచ్చగా కళకళలాడుతున్నది. పచ్చని ఊరి గురించి ఇటువంటి మాటలు అనవచ్చునా?"

"ఇక్కడ ఫాను తిరగట్లేదు సార్."

"ఫాను తిరగకపోవడం ఫానుకు సంబంధించిన అంశం. శాఖకు సంబంధించినది సరఫరా. సరఫరా నిరాటంకంగా జరుగుచున్నది. స్వీకరణలో కొంత జాప్యం ఉండవచ్చును."

"తీగ కట్టుకోడానికి అనుమతి ఇప్పించండి సార్."

"ఏ తీగ?"

"తెగిన తీగ సార్."

"తెగిన తీగ ఉన్నచో అంతరాయం ఉన్నట్లు. అంతరాయం ఉండదని చట్టం. కావున తీగ తెగలేదు. తెగని తీగను ముట్టుకోవడం ఆరోగ్యవంతమైన ప్రభుత్వ ఆస్తిలో అక్రమ జోక్యం. దానికి సస్పెన్షన్ అని నీకు తెలుసు గదా?"

నీలాద్రి ఫోను పెట్టేసి మిరప చేనికి పరిగెత్తాడు. లైన్‌మన్ దస్తగిరి అప్పటికే స్తంభమెక్కి, తెగిన కొస చేతపట్టుకుని ఉన్నాడు.

"రెండు మెలికలు తిప్పితే అయిపోద్ది సార్!" అని పైనుంచి అరిచాడు.

"దిగు దస్తగిరీ. అది తెగలేదంట."

దస్తగిరి చేతిలోని కొసను చూశాడు, కింద చేలో పడి ఉన్న రెండో కొసను చూశాడు. "మరి ఇదేంది సార్ నా చేతిలో?"

"నాకు తెలీదు నాయనా. దాన్ని అట్టా వదిలేసి దిగు."

ఊరికి కష్టాలు మొదలయ్యాయి. మంచినీళ్ళ మోటారు ఆగింది, ట్యాంకు ఎండింది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పొలాల్లో బావుల వెంట పడ్డారు. ఆదెమ్మ పిండిమిల్లు ముందు జొన్నల మూటలు, మినప్పప్పు డబ్బాలు బారులు తీరాయి. ఆదెమ్మ ఎప్పుడూ పిండి కొట్టుకుని తెల్లగా ఉండే మనిషి. మిల్లు ఆగాక మొదటిసారి ఆమె అసలు రంగు ఊళ్ళో చాలామందికి తెలిసింది. ఆమె నేరుగా ఆఫీసుకు వచ్చి నీలాద్రి బల్లముందు నిలబడింది.

"ఏందయ్యా ఏఈ గారూ, కరెంటెప్పుడొస్తది?"

"ఉందమ్మా," అన్నాడు నీలాద్రి తల దించుకుని.

"యాడుందీ?"

"రాజధానిలో తెరమీద."

"మరి జొన్నలు ఆడకే పంపీమంటావా?"

నీలాద్రి బల్లమీది కాగితాలు సర్దాడు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, తెరవకపోతే ఊరు ఎండిపోతుంది. తన ఇంట్లోనూ బిందెడు నీళ్ళు లేవు. భార్య పొద్దున పొడి గుడ్డతో గిన్నెలు తుడుస్తూ ఆయన వంక చూసిన చూపు ఆయనకు రోజంతా గుర్తుండిపోయింది.

మర్నాడు పైనుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. విద్యుత్తు ఉన్నచోట లాంతరు వెలిగించడం విద్యుత్తును బహిరంగంగా అవమానించడమేననీ, అటువంటి లాంతర్లను వెంటనే స్వాధీనం చేసుకోవలెననీ. దస్తగిరి ఏడుపుమొహంతో వీధులు తిరిగి లాంతర్లు పోగుచేసుకొచ్చాడు. వాటిని పెట్టే స్టోరు గది పట్టపగలే చీకటిగా ఉండటంతో, ఒకటి వెలిగించుకుని మిగతావి సర్దాడు.

ఊళ్ళో గొడవ పెద్దదవుతోందని విని పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. పంచాయతీ ఆఫీసు అరుగుమీద నిలబడి జనానికి వివరించారు.

"సోదరసోదరీమణులారా! విద్యుత్తు ఉన్నది. మీకు కనబడుట లేదు. ఉన్నది కనబడనప్పుడు లోపం ఉన్నదానిలో ఉండదు, చూచువారిలో ఉండును. ప్రభుత్వం మీ లోపాన్ని మన్నించి, ఉచిత నేత్ర వైద్య శిబిరం మంజూరు చేసినది!"

కళ్ళ డాక్టరు వచ్చాడు. స్కూల్లో గది ఇచ్చారు. అక్షరాలు కనిపించాలంటే ఆయన తెచ్చిన పెట్టెలో బల్బు వెలగాలి. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, మొదట ఆదెమ్మను కూర్చోబెట్టాడు.

"పై వరుస చదవమ్మా."

"ఏ వరుస సామీ? అంతా నల్లగుంది."

డాక్టరు పెట్టె వంక చూశాడు. గుమ్మంలో నిలబడ్డ పరాంకుశం గారి వంక చూశాడు. ఆయనకూ పెళ్ళాం పిల్లలున్నారు. "దృష్టి బొత్తిగా లేదు," అని అద్దాలిచ్చాడు. సాయంత్రానికి ఊళ్ళో చంటిపిల్లలతో సహా అందరికీ చూపు లేదని తేలింది. నీలాద్రికీ ఒక జత వచ్చింది. పెట్టుకుంటే ఫాను రెండుగా కనిపించింది, రెండూ తిరగలేదు.

ఆదెమ్మ అద్దాలు పెట్టుకుని మిల్లుకెళ్ళి స్విచ్చి వేసింది, మళ్ళీ స్కూలుకు తిరిగొచ్చింది.

"నాకిచ్చారు సరే, మోటారుకో?"

ఆమె ఎగతాళికే అంది. పరాంకుశం గారు ఎగతాళులకు అలవాటుపడ్డ మనిషి కారు. కాసేపు ఆలోచించి, అభ్యర్థన సహేతుకమేనని, మోటారుకు ఒక జత, బెల్టుకు ఒక జత మంజూరు చేశారు. దస్తగిరి వాటిని పురికొసతో కట్టి వచ్చాడు. మోటారు పంతులుగారిలా కనిపించిందేగానీ తిరగలేదు.

ఇంతలో రాజధానిలో లెక్కలు తీస్తే, రాష్ట్రం మొత్తమ్మీద అంతరాయమన్న మాటే లేని ఆదర్శ గ్రామం రేగటిపాడని బయటపడింది. మామూలుగా మంచి ఊళ్ళలో కూడా లైట్లు కాస్త మిణుకుమిణుకుమని తెరమీద పచ్చరంగు వణుకుతుంది. రేగటిపాడు పచ్చరంగు మాత్రం రాయిలా కదలకుండా ఉంది. మంత్రిగారే స్వయంగా వచ్చి అవార్డు ఇస్తారని కబురొచ్చింది.

ఫోనులో పరాంకుశం గారి గొంతు పండగలా ఉంది. "నీలాద్రీ, ఊరు వెలిగిపోవాలి! స్తంభం స్తంభానికీ అలంకరణ చెయ్యాలి. ఏ లోటూ రాకూడదు. అలంకరణకు అడిగింది కాదనను."

నిలబడి వింటున్న నీలాద్రి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక పైవాళ్ళతో ఫోనులో మాట్లాడుతూ ఆయన కూర్చోవడం అదే మొదలు.

"సార్, మిరప చేను దగ్గర రెండు స్తంభాల మధ్య బోసిగా ఉంది సార్."

"పూలదండ వెయ్యి!"

"పూలు ఎండకు వాడిపోతాయి సార్. అల్యూమినియం దండ అయితే శాశ్వతంగా ఉంటుంది. దానికి బంతిపూలు చుట్టిస్తాను. దండ ఈ కొసనుంచి ఆ కొసకు గట్టిగా ముడివేస్తేగానీ నిలవదు సార్."

"సౌందర్యదృష్టి ఉన్న ఇంజనీరును ఇప్పుడే చూస్తున్నాను. మంజూరు!"

సభ హైస్కూలు మైదానంలో పెట్టారు. రోహిణి ఎండ. షామియానా కింద జనం విసనకర్రలతో, వేదిక మీద మంత్రిగారు రెండు పెద్ద కూలర్ల మధ్య. కూలర్లు కదల్లేదు. కానీ అవి నడుస్తున్నట్టే లెక్క. మంత్రిగారి ముఖం మీద చెమట కారుతుంటే పరాంకుశం గారు కంగారుపడ్డారు.

"కూలర్ల గాలి సూటిగా తగులుచున్నది. తమకు జలుబు చేసే ప్రమాదం ఉన్నది," అంటూ దళసరి శాలువా కప్పారు.

మంత్రిగారు కూలర్ల వంక చూశారు. కరెంటు లేదని ఆయనంటే ఆయన చట్టాన్ని ఆయనే కాదన్నట్టవుతుంది. "అవును, కాస్త చలిగానే ఉంది," అన్నారు. ఆ మాట విని ఎమ్మెల్యే ఇంకో శాలువా కప్పారు. పరాంకుశం గారు ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న కోతిటోపీ తీసి, రెండు చెవులూ మూసేలా మంత్రిగారి తలకు తొడిగారు.

వేదిక మూలన నిలబడ్డ నీలాద్రి మాటిమాటికీ మిరప చేను వైపు చూస్తున్నాడు. ఆ సమయంలో అక్కడ దస్తగిరి స్తంభమ్మీద దండ ముడివేస్తున్నాడు. అతను కిందికి దిగి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే, తీగ తెగినప్పుడు పడిపోయిన స్విచ్చిని అక్కడ మళ్ళీ వేస్తారు. స్విచ్చి వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చట్టం ప్రకారం అది ఎప్పుడూ వేసే ఉంది. సభ మొదలయ్యేలోపే అయిపోతుందనుకున్నాడు నీలాద్రి. బంతిపూలు చుట్టడం దగ్గర ఆలస్యమైంది.

మంత్రిగారు మైకు ముందు నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. మైకు పలకలేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా పరాంకుశం గారు చప్పట్లు కొట్టేవారు, ఆయన్ని చూసి ముందు వరుస, ముందు వరుసను చూసి జనం. కాసేపటికి మంత్రిగారికి తన మాట ఒక్కరికీ వినపడటం లేదని అర్థమైంది. ఆయన ముఖంలో చిరునవ్వు చెదరలేదు, చెయ్యి ఊపడం ఆగలేదు, కానీ మాట మారింది. పక్కనే ఉన్న నీలాద్రికి ముక్కలు ముక్కలుగా వినపడుతోంది.

"...బనీను తడిసి ముద్దయిపోయింది... ఈ పరాంకుశాన్ని కన్నదెవరో..." మంత్రిగారు చెయ్యెత్తారు. జనం చప్పట్లు కొట్టారు.

నీలాద్రికి భయంతో నవ్వు, నవ్వుతో భయం పుట్టుకొచ్చాయి. ఆపమని సైగ చేద్దామని ఒక అడుగు ముందుకు వేశాడు. సరిగ్గా అప్పుడు కూలర్లు గిర్రున తిరిగాయి. మైకు కీచుమంది. ఊరి నాలుగు వీధుల్లో కట్టిన లౌడ్‌స్పీకర్లన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి.

"...ఈ చట్టం రాసినవాడు గాడిద! చదవకుండా చేతులెత్తిన మేం అడ్డగాడిదలం! కరెంటూ లేదు, నా బొందా లేదు! ముందీ కోతిటోపీ పీకెయ్యండ్రా!"

మంత్రిగారి చెయ్యి పైకెత్తే ఉంది. జనం ఈసారి ఎవరినీ చూడకుండానే చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా వేశారు. కూలర్ల గాలికి శాలువాలు రెండూ ఎగిరి ఎమ్మెల్యే మీద పడ్డాయి.

అదే క్షణంలో ఊరి మొదట్లో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. తీగ తెగినప్పటినుంచీ ఎండ మాత్రమే తిని, ఒక్కసారిగా అసలు కరెంటు రుచి చూసిన డబ్బా, తట్టుకోలేక పేలిపోయి పొగలు కక్కింది. రాజధానిలో తెరమీద రేగటిపాడు ఎర్రబడింది. పరాంకుశం గారి ఫోను మోగింది.

"ఏమిటి? రేగటిపాడులో విద్యుత్తు పోయినదా?" అన్నారాయన, కూలర్ గాలికి ఎగిరిపోతున్న కాగితాలను రెండో చేత్తో అదిమిపట్టుకుంటూ.

ఫోను పెట్టేసి ఆయన ఆలోచించారు. విలేకరులు మంత్రిగారి మాటలు గబగబా రాసుకుంటున్నారు. కరెంటు ఉంటే ఆ మాటలు అన్నట్టు. లేకపోతే మైకు లేదు, మైకు లేకపోతే మాటలూ లేవు. పరాంకుశం గారి ముఖం వికసించింది. ఆయన మంత్రిగారి టోపీ కాస్త పైకెత్తి చెవిలో ఊదారు. మంత్రిగారి ముఖమూ వికసించింది. మళ్ళీ మైకు అందుకున్నారు.

"ఇప్పుడే అందిన సమాచారం! ఈ ఊళ్ళో కరెంటు పోయింది. కాబట్టి మైకు పనిచెయ్యడం లేదు. కాబట్టి నేను ఇంతవరకూ ఏమీ మాట్లాడలేదు!"

ఆ మాట నాలుగు వీధుల్లోనూ స్పష్టంగా వినిపించింది. ఆడవాళ్ళ వరుసలోంచి ఆదెమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఏందో అంటన్నారు, మాకు ఇనపడలా! మైకు పన్జేయట్లా గదా!"

మంత్రిగారు సంతోషంగా మైకు వదిలేసి వేదిక అంచుకు వచ్చి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచారు. "కరెంటు పోయిందమ్మా!"

"పోయిందా? నిజంగానే పోయిందా?"

"ముమ్మాటికీ పోయింది!"

"పోతే బాగుజేపిస్తారా అయ్యా?"

మంత్రిగారు పరాంకుశం గారి వంక చూశారు. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. "ఆధునికీకరించిన ఊళ్ళో అంతరాయం ఉండదు. ఇక్కడ ఉన్నది. కావున ఇది ఆధునికీకరించిన ఊరు కాదు. కావున మొదటినుంచీ ఆధునికీకరించవలసి ఉన్నది."

"అయితే అంతా కొత్తవి వేయించండి!" అన్నారు మంత్రిగారు. "తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మరు, ఏవి కావాలంటే అవి! ఈ ఊరు చీకట్లో ఉండటం నేను చూడలేను!" కూలర్ గాలి హాయిగా తగులుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. అవార్డు షీల్డును మాత్రం కారు డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా లారీలు వచ్చాయి. నీలాద్రి కలలో కూడా అడగని సామానంతా వాటిలో ఉంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరును క్రేనుతో దించుతుంటే ఆయన దాని చుట్టూ ప్రదక్షిణం చేసినంత పనిచేశాడు. కానీ అబద్ధం ఆయన ఒంటికి పడదు. మనసాగక పరాంకుశం గారికి ఫోన్ చేశాడు, అలవాటుగా లేచి నిలబడి.

"సార్, తప్పయితే క్షమించండి. ఊళ్ళో కరెంటు ఉంది సార్."

"లేదు నీలాద్రీ," అన్నారాయన ఎంతో జాలిగా. "తెరమీద మీ ఊరు ఎర్రగా మండిపోతున్నది. ధైర్యంగా ఉండు."

పనులు చూడటానికి వచ్చిన ఆఫీసర్లు కూడా అంతే జాలిగా వీధులు తిరిగారు. పిండిమిల్లు దగ్గర ట్యూబులైటు కింద ఆగి, "పాపం, ఈ చీకట్లో ఎట్లా ఉంటున్నారమ్మా?" అని ఆదెమ్మను అడిగారు. మిల్లు రొదలో ఆమెకు ఆ ప్రశ్న రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అలవాటైపోయింది బాబూ," అంది ఆదెమ్మ, డబ్బాలోకి పిండి ఎత్తుతూ.

అన్నీ అయ్యాక కొత్త డబ్బా ఒకటి వచ్చింది. దాన్ని లైనుకు తగిలించాలంటే కరెంటు కాసేపు ఆపాలి. ఆపడానికి అనుమతి కావాలని నీలాద్రి అడిగాడు. ఉంటేగదా ఆపడానికి, అని పైనుంచి జవాబొచ్చింది. ఆ జవాబులో ఆయనకు ఏ లోపమూ కనపడలేదు. డబ్బాను అట్టపెట్టె విప్పకుండా స్టోరులో పెట్టించాడు. అలా రాష్ట్రం మొత్తానికీ అధికారికంగా అంధకారంలో ఉన్న ఊరు రేగటిపాడు ఒక్కటే అయింది. అక్కడ కుళాయిలో నీళ్ళు వేళకు వచ్చేవి. గాలి ఎంత గట్టిగా వీచినా నీలాద్రి నిశ్చింతగా అన్నం తినేవాడు.

ఒక మధ్యాహ్నం పక్క మండలం అసిస్టెంట్ ఇంజనీరు మీరావలి మోటారుసైకిలు మీద వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళకు కొత్త అద్దాలున్నాయి. నీలాద్రి కుర్చీని ఫాను కిందికి జరిపి కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళిచ్చాడు. మీరావలి గ్లాసు ఎత్తి గటగటా తాగి, తలెత్తి ఫాను వంక ఆశగా చూసి, నీలాద్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, మా ఊళ్ళో నెల్రోజుల్నించి కరెంటు ఉందన్నా. పిల్లాజెల్లా అల్లాడిపోతన్నారు. అది పోయే మార్గం ఏదైనా ఉంటే చెప్పన్నా, నీకు పుణ్యముంటది!"